నీడ ఇల్లు చేరే వేళ

ప్రతి ఉదయం ఆ ఇంటి తలుపు రెండుసార్లు తెరుచుకునేది. ఆరున్నరకు మొదటిసారి తెరుచుకుంటే, చెమటకు చొక్కా వీపున అంటుకుపోయి, రెండు చేతులా డొక్కలు పట్టుకుని, రొప్పుతూ బైండరు లోపలికి వచ్చేవాడు. ఏడు గంటలకు రెండోసారి తెరుచుకుంటే అతని నీడ వచ్చేది.

ఆ రెండు రాకల నడుమ అరగంటసేపు అతని భార్య గడప విడిచి కదిలేది కాదు. నీడలకు తలుపు తట్టడం చేతకాదు గనుక, మూసిన తలుపు రెక్క మీద చెయ్యి ఉంచి, సందులోంచి వీధి మలుపు మీద చూపు నిలిపి నిరీక్షించేది.

"వచ్చిందా?" అని అతడు లోపలినుంచి అడిగేవాడు. అప్పటికే గోడవైపు తిరిగి కూర్చుని, మైనం పూసిన దారాన్ని సూదికి ఎక్కిస్తూ ఉండేవాడు.

"వస్తోంది" అనేది ఆమె.

నీడ గడప దాటి, చాప అంచు ఎక్కి, అతని పీట కిందికి చేరి సర్దుకునేది. ఆమె తలుపు మూసి ఫారాలు మడవడానికి కూర్చునేది. ఆ తరువాత మధ్యాహ్నందాకా కాగితాల గలగల తప్ప ఆ ఇంట మరో సవ్వడి ఉండేది కాదు.

వారిది పుస్తకాలు కుట్టే ఇల్లు. ముందుగదే పనిచోటు. అచ్చాఫీసునుంచి వచ్చిన ఫారాలను, ఆ పెద్ద అచ్చు కాగితాలను, ఆమె మడిచి, ఎముక బద్దతో మడత నొక్కి, వరసగా పేర్చేది. అతడు వాటి వెన్నున రంధ్రాలు పొడిచి కుట్టి, బంక రాసి, చెక్కల నడుమ బిగించేవాడు. దారం లాగడంలో అతనిది ఊరంతా చెప్పుకునే నేర్పు. వేగిరపడి లాగితే దారం కాగితాన్ని కోస్తుంది. వదులుగా విడిస్తే పుస్తకం చదివేవాడి ఒడిలోనే విడిపోతుంది. కాగితం చివికిపోయినా అతడు వేసిన ముడి మాత్రం ఊడదని పేరు. అంతటి నిదానం చేతుల్లో నింపుకున్న ఆ మనిషికి కాళ్ళలో మాత్రం అది లేశమైనా లేకపోయింది.

అతడు పరుగు మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు. వారికి తొమ్మిదేళ్ళ కూతురు ఉండేది. పిట్ట అని పిలిచేవారు. పోయిన వానాకాలంలో నాలుగు రోజుల జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది.

అంతకు మూడు వారాల ముందు బడి మైదానంలో పరుగుపందెం జరిగింది. సగం దూరం పోయేసరికి పిట్ట ఎడమకాలి బూటు లేసు ఊడింది. ఆ పిల్ల ఆగి, తాడుకు ఇవతల జనంలో నిలబడ్డ తండ్రిని వెతికి, కాలు ముందుకు చాపి చూపించింది. "ఆగకు, పరిగెత్తు" అని అతడు కేకవేశాడు. లేసును ఈడ్చుకుంటూ పరిగెత్తి పిట్ట అందరికంటే చివర చేరింది. లేసు ఊడిన సంగతి తనకు కనబడలేదని అతడు ఇంట్లో చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుండగా, "నాన్నా, రేపటినుంచి నువ్వు కూడా నాతో పరిగెత్తవూ?" అని పిట్ట అడిగింది.

"నీ పరుగుతో పరిగెత్తితే చేరేసరికి పొద్దుగూకుతుంది. ముందు లేసు కట్టుకోవడం నేర్చుకో" అన్నాడు.

పిట్ట నవ్వింది. ఆ నవ్వు నవ్వకపోయినా బాగుండేదని అతనికి తరువాత ఎన్నోసార్లు అనిపించింది.

పిల్ల పోయిన రెండు నెలలకు అతడు గుడ్డబూట్లు కొన్నాడు. మొదటిరోజు ఇస్త్రీ కొట్టుదాకా బాణంలా దూసుకుపోయి, అక్కడి కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని కక్కుకున్నాడు. రెండోరోజు బడి గోడదాకా పోయి కూలబడ్డాడు. ఊపిరి అందదు, కాళ్ళు బండబారతాయి, డొక్కలో సూది దిగినట్టు పోటు. అయినా మర్నాడు మళ్ళీ అదే దూకుడు. ఆ దూకుడులో ఏ ఆలోచనా అతన్ని అందుకోలేకపోయేది. అందుకే అతనికి ఆ పరుగు కావలసి వచ్చింది. నెల తిరిగేసరికి పడుతూ లేస్తూ కాలవ వంతెన దాటి, పాత రైలుగేటు దాకా, రెండు మైళ్ళు పోయి రాగలిగాడు. అప్పటినుంచే నీడ వెనకబడసాగింది.

వీధివారు దానికి వింతపడలేదు. పాలామె తన సైకిలును పక్కకు తీసి దానికి దారి ఇచ్చేది. "బైండరుగారూ, మీ నీడ మరీ నలిగిపోయి వస్తోంది. ఇటు ఇవ్వండి, ఒక్క పెట్టె తిప్పి పంపిస్తాను" అని ఇస్త్రీ అతను హాస్యమాడేవాడు. బైండరు నవ్వకుండానే దాటిపోయేవాడు.

అందరూ చూసి, అతనితో మాత్రం ఎవ్వరూ అనని సంగతి ఒకటుంది. ఆ నీడ ఒంటరిగా వచ్చేది కాదు. దాని చిటికెనవేలు పట్టుకుని ఒక చిన్న నీడ వచ్చేది. రెండు జడలు, మోకాళ్ళదాకా గౌను, ఎడమకాలి దగ్గర నేలమీద ఈడ్చుకుపోతున్న సన్నని గీత. నాలుగడుగులకోసారి పెద్ద నీడ ఆగి, వంగి, ఆ గీతను ముడివేసేది. నీడ చేతులకు పట్టు ఉండదు. మరో నాలుగడుగులకు ముడి జారిపోయేది. మళ్ళీ ఆగేవారు. ఆలస్యానికి కారణం అదే.

భార్య మొదటిరోజే చూసింది. చూసి, తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది. భర్తతో చెబుదామని నోటిదాకా వచ్చేది. కానీ పిట్ట పేరు ఎత్తితే అతడు సూది కింద పెట్టి బయటికి పోయేవాడు. బడిసంచీని అటక మీద గోడవైపు తిప్పి పెట్టింది అతడే. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే తనకే తెలుస్తుంది గదా అని ఆమె ఊరుకుంది. అతడు తిరగలేదు.

ఏడు గంటల రాక ఏడున్నర అయింది, ఎనిమిదయింది. అప్పుడు ఆమెకు భయం పుట్టింది. పన్నెండు గంటలకు ప్రతి నీడా తన కాళ్ళకిందికి చేరవలసిందే. అప్పటికి మనిషిని కలుసుకోలేని నీడ ఎక్కడ ఉంటే అక్కడే నేలకు అంటుకుపోతుంది. వంతెన మొదట్లో అలాంటిది ఒకటుంది. టెలిగ్రాములు పంచే తంతివాడు ఎప్పుడో తొందరలో విడిచిపోయినది. ఊడ్చేవాళ్ళు ఇప్పటికీ దాని చుట్టూ ఊడుస్తారు. అది పెద్దనీడ సంగతి. చిన్నదానికి చేరడానికి మనిషి కాళ్ళే లేవు. మధ్యాహ్నం అది తండ్రి పీట కింద, తండ్రి నీడ చాటున తలదాచుకునేది. దారిలో ఆగి నిలిచిన కాళ్ళు లేని నీడను నడినెత్తి ఎండ తాగేస్తుందని ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

అందుకని ఆమె ఒకరోజు గేటు తాత దగ్గరికి పోయి, మా ఆయనకు కాస్త నెమ్మదిగా పరిగెత్తడం నేర్పమని వేడుకుంది.

గేటు తాత ఒకప్పుడు ఆ రైలుగేటుకు కాపలాదారు. రైళ్ళు ఆ దారిన రావడం మానేసి చాలా ఏళ్ళయినా ఆయన ఆ గుమటీని, గేటు పక్కనున్న ఆ కాపలా గదిని, విడిచిపెట్టలేదు. డెబ్బై దాటినా రోజూ పరిగెత్తేవాడు. ఆ పరుగును బజారుకు నడిచిపోయేవాళ్ళు దాటిపోయేవారు. నీడ మాత్రం ఆయన మడమలకు కుట్టేసినట్టు ఉండేది.

మర్నాడు గేటు దగ్గర వంగి రొప్పుతున్న బైండరు పక్కన తాత వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు తరుముతున్నారు నాయనా నిన్ను?"

"ఎవరూ... లేరు... తాతగారూ."

"చూశావా, మూడు మాటలకు మూడు ముక్కలు. ముప్పై ఏళ్ళు రైళ్ళు చూసినవాణ్ణి చెబుతున్నా విను. అంత నిప్పు కడుపులో పెట్టుకుని కూడా స్టేషనులో ఇంజను ముసలమ్మలా కదులుతుంది. నువ్వేమో ఇంట్లోంచే ఈల వేసుకుంటూ బయలుదేరుతున్నావు."

పరిగెత్తుతూ మాట్లాడమని తాత చెప్పాడు. ఒక వాక్యం నడుమ తెగకుండా చెప్పగలిగినంత మెల్లగా పరిగెత్తాలి. తెగిందా, నడవాలి. ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెట్టాలి. నిన్నటికంటే నాలుగడుగులు ఎక్కువైతే చాలు.

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా. నేను మా ముసలిదాన్ని తిట్టుకుంటూ పరిగెత్తుతాను. ఒక్కోరోజు దారి అయిపోతుంది గానీ తిట్లు అయిపోవు."

మర్నాడు బైండరు ప్రయత్నించాడు. ఇస్త్రీ కొట్టు దాటేదాకా, ఇవాళ మూడు పుస్తకాలకు అట్టలు వెయ్యాలి, ఒకదానికి వెన్ను మార్చాలి, బంక అయిపోయింది అని పనులు చెప్పుకుంటూ నెమ్మదిగా సాగాడు. ఊపిరి తెగలేదు. డొక్కలో పోటు రాలేదు. ఇంత సుళువా అనిపించింది. బడి గోడ దగ్గరికి వచ్చేసరికి పనులు అయిపోయాయి. నోరు తనంతట తానే, "పిట్టా, ఆ రోజు నేను" అంది. వాక్యం అక్కడ తెగింది. తెగింది ఊపిరి చాలక కాదు. వెంటనే అతడు పిడికిళ్ళు బిగించి గేటుదాకా కళ్ళు మూసుకున్నవాడిలా దూసుకుపోయాడు.

ఆ రోజు నీడ తొమ్మిదింటికి వచ్చింది. మరుసటి రోజు తొమ్మిదిన్నరకు. నాలుగోరోజు పదకొండున్నరైనా రాలేదు.

పాలామె ఖాళీ క్యానులతో తిరిగిపోతూ గుమ్మం ముందు సైకిలు ఆపింది. "వంతెన అవతలే ఉన్నారమ్మా ఇద్దరూ. కట్టడం, ఊడటం. పాపం పెద్దదానికి వేళ్ళు ఆడటం లేదు" అని చెప్పి తల దించుకుని వెళ్ళిపోయింది.

భార్య తలుపు విడిచి లోపలికి వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ వేళప్పుడు ఆమె గడప విడవడం అదే మొదలు.

"ఏమండీ, నీడ రాలేదు."

"వస్తుందిలే."

"రాదు. అది ఒక్కతే రావడం లేదండీ. పిట్ట నీడ దానితో వస్తోంది. రోజూ. మధ్యాహ్నం మీ పీట కిందే ఉంటుంది. దానికి చేరడానికి కాళ్ళు లేవు. పన్నెండింటికి అది ఎక్కడికి పోతుంది చెప్పండి."

సూది కాగితం నడుమ నిలిచిపోయింది. అతడు వంగి పీట కింద చూశాడు. అక్కడ దారపు ముక్కలు తప్ప ఏమీ లేవు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఒక్కసారైనా వెనక్కి చూస్తారేమోనని."

అతడు బూట్లు తొడుక్కున్నాడో లేదో వీధిలో పడ్డాడు. అలవాటైన దూకుడే. తెల్లవారినప్పుడే నాలుగు మైళ్ళు దూకుడుగా పరిగెత్తిన కాళ్ళు ఇస్త్రీ కొట్టు దగ్గరే మొరాయించాయి. అదే స్తంభం పట్టుకుని వంగిపోయాడు. ఇస్త్రీ అతను ఆ రోజు హాస్యమాడలేదు. కొట్టు దిగివచ్చి, "ఇలా పోతే మీరు వంతెన చేరరు బైండరుగారూ. నెమ్మదిగా పోండి. వేళ ఉంది" అని మెల్లగా చెప్పాడు.

వేళ లేదని ఇద్దరికీ తెలుసు. దూకితే అసలే చేరలేనని బైండరుకు తెలిసింది. ఇరవై అడుగులు నడిచాడు. అలా నడవడం ఒంటిమీద చర్మం ఒలిచినట్టుంది. ఊపిరి కుదుటపడ్డాక, పుస్తకం వెన్నున మొదటి కుట్టు వేసేవాడి నిదానంతో పరుగు మొదలుపెట్టాడు. బడి గోడ వచ్చింది. వాక్యం నోటికి వచ్చింది.

"పిట్టా, ఆ రోజు నీ లేసు ఊడటం నేను చూశాను."

తెగలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ వాక్యం తెగలేదు.

"చూసి కూడా పరిగెత్తమన్నాను. అందరి పిల్లలూ ముందుకు పోతున్నారు, నువ్వొక్కదానివే ఆగావు, నాకు సిగ్గేసింది. తాడు దాటి వచ్చి కట్టడానికి నాకు రెండు క్షణాలు పట్టేది. నా కూతురు చివర వస్తోందని సిగ్గుపడ్డాను పిట్టా."

ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క కుట్టులా పడుతూ పోయింది. ఎండ నెత్తికెక్కుతోంది. దారిపక్క చెట్ల నీడలు మొదళ్ళకు ముడుచుకుంటున్నాయి. అతడు వేగం పెంచలేదు. వంతెన ఎక్కాడు. తంతివాడి నీడను తొక్కకుండా దాటాడు. అవతలి ఒడ్డున, కంకర రోడ్డు అంచున, ఇద్దరూ కనబడ్డారు.

పెద్దది పళ్ళెమంత అయింది. చిన్నది అరచేయంత. అయినా ఒకటి ఇంకా వంగే ఉంది, రెండోది కాలు చాపే ఉంది.

బైండరు రోడ్డుమీద మోకాళ్ళూనాడు. కంకర కాలుతోంది. పెద్ద నీడ తన చేతులు తీసి పక్కకు జరిగి చోటిచ్చింది. అతడు దారాన్ని తడిపే అలవాటుతో వేలి కొనలు నాలుకకు తాకించుకుని, ఆ సన్నని గీత రెండు కొసలనూ నేలమీదినుంచి పైకి తీశాడు. వాటికి బరువు లేదు. చల్లదనం మాత్రం ఉంది. ఒక మెలిక, రెండో మెలిక, లోపలినుంచి మరో చుట్టు. పుస్తకపు చివరి ఫారానికి వేసే ముడి అది. వేగిరపడలేదు. వదులుగా విడవలేదు.

తరువాత లేచి, రెండు పాదాలూ కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఊరి మిల్లులో పన్నెండు గంటల కూత కూసింది. రెండు నీడలూ అతని కాళ్ళకిందికి చేరాయి.

పొద్దు వాలేదాకా అతడు పాదం కదపలేదు. కాసేపటికి భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కనే ఎండలో నిలబడింది.

ఆ మర్నాటినుంచి ఆ ఇంటి తలుపు ఒక్కసారే తెరుచుకునేది. తొమ్మిదేళ్ళ పిల్ల కాళ్ళకు తగిన పరుగు అతనిది. బజారుకు నడిచేవాళ్ళు దాటిపోయేవారు. "గేటు తాతకు పోటీ వచ్చాడండోయ్" అని ఇస్త్రీ అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు బైండరు చెయ్యి ఊపేవాడు. దారి పొడుగునా మాట్లాడేవాడు. అటకమీది సంచీ కిందికి దించాననీ, లెక్కల పుస్తకం అట్ట చినిగితే వేశాననీ, అమ్మ నిన్న కాస్త తిన్నదనీ. మధ్యాహ్నం పీటమీద పాదాల నడుమ చోటు విడిచి కూర్చుని కుట్టేవాడు. భార్య మడిచిన ఫారాలు అందిస్తూ ఆ చోటును చూసుకునేది.

లేసు ఒక్కనాడూ ఊడలేదు. ఊడకపోయేసరికి ఆ పిల్ల కాళ్ళకు పరుగు వచ్చింది. పదో రోజుకు చిటికెనవేలు విడిచి పక్కన పరిగెత్తింది. పదిహేనో రోజుకు నాలుగడుగులు ముందు. ముందుకు పోయి ఆగి, తండ్రి వచ్చేదాకా ఎగురుతూ ఉండేది. అతనికి నవ్వూ దిగులూ కలిసి వచ్చేవి. ఊడని ముడి వేసింది తన చేతులే గదా అనుకునేవాడు.

ఇరవై ఒకటో రోజు పిట్ట గేటు దగ్గర ఆగలేదు.

గేటు దాటి, తుప్పుపట్టిన పట్టాలు దాటి, అతడు ఎన్నడూ పోని దారిలో కొంతదూరం పోయి వెనక్కి తిరిగింది. ఎడమకాలు ముందుకు చాపి చూపించింది. ముడి వేసినది వేసినట్టే ఉంది. చూశావా అన్నట్టు ఒక్క క్షణం నిలిచి, రెండు జడలూ ఎగురుతుండగా మళ్ళీ పరుగందుకుంది.

బైండరు కాళ్ళలో ఇప్పుడు బలం ఉంది. నెలలుగా కూడబెట్టిన ఊపిరి ఉంది. నలభై అంగలు వేస్తే ఆ పిల్లను అందుకోగలడు. అంత కచ్చితంగా అతనికి తెలుసు. కాళ్ళు ముందుకు లాగుతున్నాయి. చేతిలో దారం ఉన్నప్పుడు ఎంత లాగాలో, ఎక్కడ లాగకూడదో తెలిసిన మనిషి. అతడు తన పరుగు పెంచలేదు. ఉన్నచోటే, ఉన్న నిదానంతోనే సాగుతూ గొంతెత్తి చెప్పాడు.

"నెమ్మదిగా పో పిట్టా, మొదట్లోనే దూకకు, దారి చాలా ఉంటుంది."

వాక్యం తెగలేదు. దూరాన మలుపు దగ్గర చిన్న నీడ తన పరుగును కాస్త తగ్గించినట్టు కనిపించింది. తరువాత మలుపు మాత్రమే కనిపించింది.

గుమటీ ముందు కూర్చున్న తాత, "అందుకోగలిగేవాడివే" అన్నాడు.

"అందుకోగలిగేవాణ్ణే" అన్నాడు బైండరు.

ఇంటికి వచ్చేసరికి నీడ అతని మడమలకు కుట్టేసినట్టే ఉంది. భార్య గుమ్మంలో ఉంది. అతని వెనక చూసింది. అతని పక్కన చూసింది. చాలాసేపు వీధి మలుపు వైపు చూసింది.

"లేసు?" అంది చివరకు.

"ఊడలేదు."

ఆమె తలుపు వెయ్యలేదు. రెక్క పట్టుకుని నిలబడే ఉంది. పన్నెండు గంటల కూత కూసింది. ఆ తరువాత గంటకు గేటు తాత వచ్చాడు. పట్టాలు దాటి ఆ దారి వెంట తన కాళ్ళు మోసినంత దూరం పోయి చూశాననీ, ఎక్కడా ఆగి నిలిచిన నీడ గానీ, ఎండ తాగిన మచ్చ గానీ లేదనీ చెప్పాడు. మంచినీళ్ళు తాగి, తన పరుగుతో తాను వెళ్ళిపోయాడు.

ఆమె అప్పుడు తలుపు వేసింది. వచ్చి కూర్చుని ఒక ఫారం మడిచి, మడత మీద ఎముక బద్దను అటూ ఇటూ రెండుసార్లు నడిపి, భర్తకు అందించింది. అతడు అందుకున్నాడు. పాదాలు రెండూ కాస్త ఎడంగా పెట్టి, నడుమ చోటు విడిచి, కుడుతూ ఉన్నాడు.